ఇంగ్లిషు మాట్లాడమంటే బిగుసుకుపోయే పిల్లలు: తరగతిలో ఏం చేయాలి, ఎలా చేయాలి

ఎనిమిది, తొమ్మిది తరగతుల ఇంగ్లిషు పీరియడులో ఒక రకం పిల్లలు ప్రతి బడిలోనూ కనిపిస్తారు. స్లిప్ టెస్టులో మార్కులు ఫరవాలేదనిపిస్తారు, బోర్డు మీద రాసినది పొల్లు పోకుండా నోట్సులోకి ఎక్కించుకుంటారు, కాని పేరు పెట్టి పిలిచి లేపితే మాత్రం గొంతు పెగలదు. పాఠం పైకి చదివించే రోజునే రీడరు ఇంట్లో మరచిపోయి వస్తారు. తమకన్నా పొడుగైనవాళ్ల వెనక బెంచీ చూసుకుని కూర్చుంటారు. ప్రశ్న తమ వరుసకు వస్తోందనగానే పెన్ను కింద పడేసుకుని వెతుక్కుంటారు. వీళ్లకు శ్రద్ధ లేదని తేల్చేయడం తేలిక, పైగా అలా తేల్చేస్తే మన పని కూడా తగ్గుతుంది.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో, గురుకులాల్లో, చిన్న ఊళ్ల ప్రైవేటు బడుల్లో ఇంగ్లిషు చెప్పే ఉపాధ్యాయులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పిల్లలకూ తల్లిదండ్రులకూ పనికొచ్చేవి చివర కొన్ని ఉన్నాయి. ఈ పిల్లలను పట్టి ఉంచేది చాలావరకు నలుగురి ముందు తప్పు దొర్లుతుందన్న భయమే. అందువల్ల ధైర్యంగా ఉండమని చెప్పే ఉపన్యాసాలతో పెద్దగా ఒరిగేది లేదు. పిల్లవాడి ఇంగ్లిషు మాట మొదట ఎందరి చెవిన పడాలి, ఎంత సిద్ధపడ్డాక పడాలి అన్నది ఉపాధ్యాయుడు తన చేతిలోకి తీసుకుంటే చాలామంది పిల్లల గొంతు కొన్ని వారాల్లోనే విచ్చుకుంటుంది.

ముందు తేల్చుకోవలసినది: భయమా, చదవడం రాకపోవడమా

పరాయి భాష నేర్చుకునే తరగతిలో పుట్టే ఆందోళన, మామూలు బిడియం కన్నా వేరైనదని 1986లో అమెరికాలో ఎలేన్ హార్విట్జ్, మైఖేల్ హార్విట్జ్, జో ఆన్ కోప్ అనే ముగ్గురు ప్రతిపాదించి, దాన్ని కొలవడానికి 33 వాక్యాల ప్రశ్నావళిని తయారుచేశారు. ఎదుటివారితో మాట్లాడటానికి జంకడం, పరీక్ష భయం, ఇతరులు తన గురించి తక్కువగా అనుకుంటారేమోనన్న బెదురు అనే మూడింటికి దగ్గరి చుట్టరికం ఉన్న భయంగా వారు దీన్ని వర్ణించారు. లెక్కల పీరియడులో ధీమాగా బోర్డు దగ్గరికి వెళ్లే అమ్మాయి ఇంగ్లిషు పీరియడులో ముడుచుకుపోవడం ఎందుకో దీనివల్ల కొంత అర్థమవుతుంది: లెక్క తప్పితే లెక్కే తప్పుతుంది, మాట తప్పితే మనిషే తక్కువైనట్టు అనిపిస్తుంది. మన పదో తరగతి మార్కుల జాబితాలో ఇంగ్లిషు మూడో భాషే కాని, ఊళ్లో మర్యాద దగ్గరికి వచ్చేసరికి అదే మొదటి భాష అయి కూర్చుంది. ఆ బరువంతా పదమూడేళ్ల పిల్ల మీద పడుతోంది.

అయితే 1990ల మొదట్లో రిచర్డ్ స్పార్క్స్, లియొనోర్ గాన్‌షో అనే పరిశోధకులు ఒక అభ్యంతరం లేవనెత్తారు. భయం వల్ల భాష రావడం లేదా, భాష సరిగా రానందువల్ల భయం పుడుతోందా అని వారు అడిగారు. ఈ ప్రశ్న మన బడులకు బాగా వర్తిస్తుంది. అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లవాడికి భయం పోగొట్టే పద్ధతులు ఎన్ని పాటించినా చదవడం రాదు.

తేల్చుకునే ఉపాయం కష్టమైనది కాదు. పిల్లవాణ్ణి మధ్యాహ్న భోజనం తర్వాత వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని, కిందటి తరగతి రీడరులోని ఒక పేరా మెల్లగా చదవమనండి. మీరు పుస్తకం వైపే చూడండి, అతని మొహం వైపు చూడకండి. అక్కడ సాఫీగా చదివి తరగతిలో నోరు మెదపలేకపోతే అది భయం. అక్కడా తడబడితే చదువులో లోటు ఉంది. దానికి రోజూ పది నిమిషాలు అక్షరాలూ ధ్వనులూ కలిపి చదివించే పని వేరుగా పెట్టుకోవాలి. చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి, అప్పుడు రెండు పనులూ సమాంతరంగా జరగవలసిందే.

ఆ పక్కన కూర్చున్న కాసేపట్లోనే రీడరు పేజీలను గమనించండి. ఇంగ్లిషు పంక్తుల మధ్య ఖాళీలో పెన్సిలుతో, సన్నటి తెలుగు అక్షరాలతో ఉచ్చారణ రాసి ఉంటుంది: ఒక మాట పైన ‘నైబర్’, ఇంకో మాట పైన ‘ఐస్‌లాండ్’ అని రాసి, ‘స్’ కొట్టేసి మళ్లీ ‘ఐలాండ్’ అని దిద్దుకుని ఉంటారు. దాన్ని చూసి కోప్పడే ఉపాధ్యాయులున్నారు, రబ్బరుతో చెరిపించేవారూ ఉన్నారు. నా లెక్కలో అది దొంగతనం కాదు, ఆ పిల్లవాడు ఇంట్లో ఎంత కష్టపడ్డాడో చెప్పే సాక్ష్యం. ఏ మాటల పైన రాసుకున్నాడో చూస్తే అతనికి ఏ అక్షరాల కలయికలు కొరుకుడు పడటం లేదో మీకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మొదట అలాగే రాసుకోనివ్వండి. తర్వాత ఒక్కో పేరాలో ఐదు మాటలకే రాసుకోవచ్చని, ఆపైన రెండింటికేనని తగ్గిస్తూ రండి.

తరగతి మొత్తం మనసులో ఏముందో తెలుసుకోవాలంటే, పేరు రాయనక్కరలేని చీటీ మీద తెలుగులోనే నాలుగైదు వాక్యాలిచ్చి, అవును, కాదు, కొంచెం అని గుర్తు పెట్టమనండి. ‘టీచరు నా వైపు చూస్తే గుండె దడదడలాడుతుంది’, ‘ఇంట్లో వచ్చినది క్లాసులో నిలబడగానే మరచిపోతాను’, ‘నేను చదువుతుంటే నవ్వుతారేమో అనిపిస్తుంది’, ‘అర్థం కాకపోయినా అడగబుద్ధి కాదు’ వంటివి సరిపోతాయి. ఏ వాక్యానికి అవునులు ఎక్కువ పడ్డాయో దానితోనే మొదలుపెట్టండి. ఆ చీటీలు దాచి ఉంచి, అర్ధసంవత్సర పరీక్షల తర్వాత మళ్లీ అవే వాక్యాలిచ్చి పోల్చుకోండి.

వరుసగా చదివించడం మానేయండి

మొదటి బెంచీ నుంచి తలా ఒక పేరా చదివించే అలవాటు మన బడుల్లో తరతరాలుగా ఉంది. తరగతిని అదుపులో ఉంచడానికి అది బాగా పనికొస్తుందే కాని, భయపడే పిల్లలకు అంతకన్నా హాని చేసే పద్ధతి ఇంకొకటి లేదనే చెప్పాలి. తన వంతు ఎన్నో పేరాకు వస్తుందో ముందే లెక్కపెట్టుకున్న పిల్ల, ఆ పేరానే మనసులో వల్లె వేసుకుంటూ, ముందు చదివిన ఏడుగురివీ వినదు. తన వంతు అయిపోగానే ఊపిరి పీల్చుకుని మిగతావీ వినదు. పీటర్ మెకింటైర్, రాబర్ట్ గార్డ్‌నర్ తమ పరిశోధనల్లో చూపించింది ఇదే: ఆందోళన మాట్లాడే చోటే కాక, వినేటప్పుడూ, విన్నదాన్ని మనసులో పేర్చుకునేటప్పుడూ అడ్డుపడుతుంది. ‘ఏమవుతుందో’ అన్న చింత బుర్రలో జాగా ఆక్రమిస్తే వాక్యానికి మిగిలే జాగా తక్కువ. ‘నిన్న వచ్చింది టీచర్, ఇప్పుడు గుర్తు రావట్లేదు’ అని పిల్లలు చెప్పే మాట సాకు కాకపోవచ్చు.

దాని బదులు మొదట మీరు చదవండి, తర్వాత తరగతి అంతా కలిసి చదవాలి, ఆపైన పక్కపక్కన ఉన్న ఇద్దరు ఒకరికొకరు చదివి వినిపించుకోవాలి. నలభై మంది ఒకేసారి చదువుతుంటే గోల అవుతుంది, పక్క గది సారు వచ్చి తొంగి చూస్తారు. కాని ఆ గోలలోనే తన గొంతు ఎవరికీ వినిపించడం లేదన్న నిశ్చింతతో చదివేవాళ్లుంటారు. ఒక్కరిచేత చదివించాలనుకుంటే ఏ నాలుగు వాక్యాలో ముందురోజే ఆ పిల్లకు చెప్పి పంపండి. ఆకస్మికంగా లేపి పరీక్షించడం వల్ల పిల్లలు జాగ్రత్తగా ఉంటారన్న నమ్మకం ఇంగ్లిషు విషయంలో నిలబడదు.

ప్రశ్న అడిగే తీరులోనూ ఒక చిన్న మార్పు అవసరం. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త 1970లలో తరగతి గదుల మాటలను రికార్డు చేసి విని, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబుల పొడవు పెరుగుతుందని, జవాబు చెప్పనివాళ్లు తగ్గుతారని గుర్తించారు. అది వారి సొంత భాషలో జరిగిన పాఠాల సంగతి. తెలుగులో అనుకుని, ఇంగ్లిషులోకి మార్చుకుని, క్రియను వాక్యం చివర నుంచి మధ్యకు జరుపుకోవలసిన మన పిల్లవాడికి మూడు సెకన్లు కూడా చాలవు. ముందు ప్రశ్న వేయండి, మనసులో పది అంకెలు లెక్కపెట్టండి, ఆ తర్వాతే పేరు పిలవండి. పేరు ముందు పిలిస్తే ఆ పేరున్నవాడికి ప్రశ్న వినిపించదు, మిగతావాళ్లకు వినవలసిన అవసరం ఉండదు.

ఫ్రాంక్ లైమన్ అనే అమెరికా విద్యావేత్త 1981లో చెప్పిన పద్ధతి, అంటే మొదట ఒంటరిగా ఆలోచించి, తర్వాత పక్కవాళ్లతో పంచుకుని, ఆపైన తరగతికి చెప్పడం, మన పెద్ద తరగతులకు కొద్ది మార్పుతో బాగా సరిపోతుంది. జవాబును నోట్సులో ఒక నిమిషం రాసుకోనివ్వండి. రెండు నిమిషాలు పక్కవాళ్లకు చదివి వినిపించుకోనివ్వండి. వెనక బెంచీ వైపు తిరిగి నలుగురయ్యాక ఇంకొకసారి చెప్పుకోనివ్వండి. తరగతి ముందు నోరు విప్పేసరికి ఆ వాక్యం అప్పటికే మూడుసార్లు చెయ్యి, నోరు దాటి ఉంటుంది. జతలు కట్టేటప్పుడు పిల్లల ఇష్టాన్నే మొదట పాటించండి. బాగా వచ్చినవాళ్లను రానివాళ్లతో కలపాలన్న నియమం కాగితం మీద చక్కగా ఉంటుంది కాని, భయపడే పిల్లకు క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి పక్కన కూర్చోవడం ఇంకో పరీక్ష. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదివే బడుల్లో మరో చిక్కుంది: తొమ్మిదో తరగతి వచ్చేసరికి అబ్బాయిల ముందు అమ్మాయిలు గొంతు తగ్గిస్తారు, అబ్బాయిలకేమో అదే వయసులో గొంతు మారి, వాక్యం మధ్యలో కీచుమంటుంది. ఆ కీచు గొంతుకు నవ్విన నవ్వును తన ఇంగ్లిషుకు నవ్విన నవ్వుగా తీసుకున్న కుర్రాడు ఆ సంవత్సరమంతా మౌనంగా ఉండిపోవచ్చు.

తప్పు దిద్దే వేళ, నవ్వు వినిపించిన వేళ

పిల్లవాడు లేచి ‘ఎస్టర్‌డే ఐ గో టు విజయవాడ’ అన్నాడనుకుందాం. వెంటనే ‘గో కాదు, వెంట్ అనాలి, పాస్ట్ టెన్స్ ఎన్నిసార్లు చెప్పాను’ అంటే అతను విజయవాడ సంగతి చెప్పడు, ఇంకెప్పుడూ చెప్పకపోవచ్చు. ‘ఓ, యు వెంట్ టు విజయవాడ! హూ వెంట్ విత్ యు?’ అని అడిగితే సరైన రూపం రెండుసార్లు అతని చెవిన పడుతుంది, సంభాషణా ఆగదు.

అయితే ఇది ఒక్కటే చాలునని అనుకోకూడదు. 1997లో రాయ్ లిస్టర్, లీలా రాంటా కెనడాలో ఫ్రెంచిలో బోధన సాగే తరగతులను పరిశీలించినప్పుడు, ఉపాధ్యాయులు అన్నిటికన్నా ఎక్కువగా వాడింది ఈ పద్ధతేనని, పిల్లలు తమంతట తాము తప్పు దిద్దుకోవడం అన్నిటికన్నా తక్కువగా జరిగింది కూడా దీనివల్లేనని తేలింది. ఉపాధ్యాయుడు తన మాటకు తల ఊపుతున్నాడని పిల్లవాడు అనుకుంటాడే కాని, దిద్దుతున్నాడని గ్రహించడు. అందుచేత మాట సాగుతున్నప్పుడు మెత్తగా అందించి, విన్న తప్పులను చిన్న కాగితం మీద రాసి పెట్టుకుని, పీరియడు చివరి ఐదు నిమిషాల్లో వాటిలో మూడింటిని మాత్రం, ఎవరివో చెప్పకుండా, బోర్డు మీద రాసి అందరిచేతా దిద్దించడం మేలు. ఆ మూడింటిలో ఒకటి మీరు కల్పించినదైతే ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపలేరు. వ్యాకరణమే పాఠంగా ఉన్న రోజున మాత్రం నేరుగా దిద్దండి; ఆ రోజు దిద్దుతారని అందరికీ తెలుసు కనుక అంత నొప్పి ఉండదు.

ఉచ్చారణ దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ అనడం, ‘ఎగ్’ను ‘యెగ్’ అనడం తెలుగు నాలుకకు సహజం. చదువుకున్న పెద్దలనేకుల నోట ఇవి వినిపిస్తూనే ఉంటాయి. పిల్లవాడు పలికిన తీరును ఉపాధ్యాయుడు సరదాకైనా అనుకరించకూడదు. ఆ ఒక్క అనుకరణ మారుపేరై బడి గేటు దాటి ఊళ్లోకి వెళుతుంది.

ఎవరైనా నవ్వినప్పుడు చాలామంది పాఠం ఆపి మొత్తం తరగతికి నీతి చెబుతారు, నవ్వినవాడిచేత క్షమాపణ చెప్పిస్తారు. దానితో అప్పటిదాకా గమనించనివాళ్లు కూడా ఆ తప్పు ఏమిటో తెలుసుకుంటారు. మీరు మాట్లాడుతున్న పిల్లవాడి వైపే చూస్తూ, అతను చెప్పినదాని మీద ఇంకో ప్రశ్న వేసి, మాట పూర్తి చేయించండి. నవ్వినవాడితో పీరియడు అయ్యాక విడిగా, క్లుప్తంగా, గట్టిగా మాట్లాడండి. సంవత్సరం మొదట్లోనే తరగతి నియమాలను పిల్లలచేతే రాయించి, ‘మాట్లాడేవాళ్లను మధ్యలో ఆపం’ అన్నదాన్ని వాళ్ల నోటనే చెప్పిస్తే ఆ విడి మాటకు బలం వస్తుంది.

తెలుగును తలుపు బయట నిలబెట్టకండి

ఇంగ్లిషు పీరియడులో తెలుగు మాట వినిపిస్తే జరిమానా వేసే బడులు ఇప్పటికీ ఉన్నాయి. దానివల్ల పిల్లలు ఇంగ్లిషు మాట్లాడరు, మాట్లాడటమే మానేస్తారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తించే 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో, పిల్లలను భయం, ఆందోళనల నుంచి విముక్తం చేసి స్వేచ్ఛగా అభిప్రాయాలు చెప్పుకోనివ్వాలని స్పష్టంగా ఉంది; అదే చట్టం 17వ సెక్షను శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. తెలుగు మాట్లాడినందుకు మెడలో పలక వేలాడదీసి నిలబెట్టడం ఏ కోవకు వస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు మాధ్యమంలో చదివి హఠాత్తుగా ఇంగ్లిషు మాధ్యమంలోకి వచ్చిన పిల్లలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు మంచి ఆసరా. ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ఆ పుస్తకంలో, రేపటి సైన్సు పాఠం తెలుగు పేజీని ఈ రాత్రే చదివి రమ్మనండి. విషయం ముందే తెలిసిన పిల్లవాడికి తరగతిలో భాష ఒక్కటే కొత్త.

సాయం అడిగే వాక్యాలను మాత్రం ఇంగ్లిషులో నేర్పి, గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించండి. ‘ప్లీజ్ సే ఇట్ అగైన్’, ‘ఐ నీడ్ ఎ మినిట్’, ‘కెన్ ఐ సే ఇట్ ఇన్ తెలుగు ఫస్ట్?’ వంటివి మూడు నాలుగు చాలు. జవాబు తెలియకపోయినా నోటి నుంచి ఒక పూర్తి ఇంగ్లిషు వాక్యం వస్తుంది. ఉత్త చేతులతో కూర్చున్నానన్న అవమానం ఉండదు. ఎవరైనా ‘ఐ నీడ్ ఎ మినిట్’ అంటే నిజంగానే నిమిషం ఇచ్చి మళ్లీ వాళ్ల దగ్గరికే రండి. మరచిపోయినట్టు వదిలేస్తే ఆ వాక్యం తప్పించుకునే దారిగా మారుతుంది.

పరీక్ష రోజు

పరీక్ష భయానికి మందు ఎక్కువగా సాధనలోనే ఉంది కనుక దీని గురించి క్లుప్తంగా చెబుతాను. ముందుగా చూడని పేరా ఇచ్చినప్పుడు ప్రశ్నలు మొదట చదివి, తర్వాత పేరా చదవమని అలవాటు చేయండి. లేఖలో తేదీ, సంబోధన, ముగింపు వంటి మారని భాగాలను ముందు రాసేస్తే కలం కదులుతుంది. 2011లో జెరార్డో రామిరెజ్, షాన్ బైలాక్ ప్రచురించిన పరిశోధనలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించే రాసుకున్న విద్యార్థుల్లో, ముఖ్యంగా పరీక్ష భయం బాగా ఉన్నవారిలో, ఫలితాలు మెరుగయ్యాయి. తెల్ల కాగితం ఇచ్చి ‘ఏం భయంగా ఉందో తెలుగులో రాసుకుని చింపేయండి’ అనడానికి ఖర్చేమీ లేదు.

పిల్లలకు, ఇంట్లోవాళ్లకు

నువ్వు తరగతిలో మాట్లాడటానికి భయపడే విద్యార్థివైతే, మొదట చేయవలసినది మీ ఇంగ్లిషు టీచరుకు చీటీ రాయడం: ‘నాకు జవాబులు తెలుసు, నిలబడితే చెప్పలేకపోతున్నాను, ముందురోజు ప్రశ్న చెబితే సిద్ధపడి వస్తాను’. చాలామంది ఉపాధ్యాయులు ఇలాంటి చీటీని కాదనరు. వెనక బెంచీ దాక్కోవడానికి బాగుంటుంది కాని అక్కడి నుంచి మాట్లాడితే తలలన్నీ వెనక్కి తిరుగుతాయి. రెండో వరుసలో కూర్చుంటే నీకు కనిపించేది టీచరు మొహమే. సాయంత్రం అమ్మ ఫోనులో ఒక నిమిషం రికార్డు చేసుకుని విను, మర్నాడు అదే విషయం మళ్లీ రికార్డు చేయి, రెండూ పక్కపక్కన పెట్టి విను. లేచి నిలబడేటప్పుడు గుండె దడ వస్తే ఊపిరి పీల్చిన దానికన్నా మెల్లగా, ఎక్కువసేపు వదులు. మొదటి వాక్యం ఒక్కటి మాత్రం కంఠతా పెట్టుకో. రెండోది దాని వెనకే వస్తుంది.

తల్లిదండ్రులు మానుకోవలసినది ఒకటుంది. చుట్టాలు రాగానే ‘అంకుల్‌కి ఇంగ్లిషులో చెప్పమ్మా’ అని పిల్లను ముందుకు తోయడం, ఆ వెంటనే పట్నంలో కాన్వెంటులో చదివే బావతో పోల్చడం. తరగతిలో ఉపాధ్యాయుడు నెల రోజులు కట్టుకొచ్చింది ఆ ఐదు నిమిషాల్లో కూలిపోతుంది. మీకు ఇంగ్లిషు రాకపోయినా చేయగలిగిన సాయం ఉంది: పిల్ల ఒక పేజీ పైకి చదువుతుంటే పనులు చేసుకుంటూనే వినండి, చదివాక అందులో ఏముందో తెలుగులో చెప్పించుకోండి. దిద్దలేని శ్రోత ముందు పిల్లలు ఎక్కువగా మాట్లాడతారు.

ఉపాధ్యాయుడి చేతికి మించినవి

నత్తి ఉన్న పిల్లల విషయం వేరు. వాళ్లు తెలుగులోనూ తడబడతారు. వాళ్ల మాటను మీరు అందుకుని పూర్తి చేయకండి, తొందరపెట్టకండి, అందరితో కలిసి చదవడం వాళ్లకు తరచు సులువుగా ఉంటుంది కనుక అక్కడ మొదలుపెట్టి, మాట చికిత్స చేసే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఇంగ్లిషు పీరియడు ఉన్న రోజునే కాక ప్రతి ఉదయం కడుపునొప్పి అనడం, నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, స్నేహితులతో కూడా మాట్లాడకపోవడం, బడికి రానని మొండికేయడం వారాల తరబడి సాగితే అది భాష తరగతిని దాటిన ఆందోళన. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సలహా సేవ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ ఫోను పిల్లవాడే చేయాలని లేదు, తల్లిదండ్రులు చేసినా, ఉపాధ్యాయుడు చేసినా సలహా ఇస్తారు. పిల్లవాడి మీద ఇంట్లో గాని బడిలో గాని వేధింపు జరుగుతోందన్న అనుమానం ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి చేయాలి.